మైదానం మధ్యలో మా కోచ్

మా కోచ్ పోయాడన్న కబురు గురువారం మధ్యాహ్నం వచ్చింది. సైట్‌లో ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను సర్వే మిషన్‌కి ఆనించి ఉన్నాను. ఫోన్ చేసింది ఓబులేసు. కడప వాడు, మా కంపెనీలో వాటర్ ట్యాంకర్ డ్రైవర్, మా ఫుట్‌బాల్ టీముకి గోల్‌కీపర్.

"అన్నా, కోచ్ పోయినాడంట. ఆయప్ప చెల్లెలు మెసేజ్ పెట్టింది. నిద్దర్లోనే అంట," అన్నాడు.

వాడి ట్యాంకర్ ఇంజన్ చప్పుడు ఫోన్‌లో వినబడుతూనే ఉంది. వాడు పెట్టెయ్యలేదు, నేనూ పెట్టెయ్యలేదు.

సాయంత్రం ఆ చెల్లెలుగారే వాళ్ళ ఊరి పేపర్లో పడిన వార్త కూడా పంపించారు. స్కాట్లాండ్‌లో సముద్రం ఒడ్డున చిన్న ఊరు అది. వార్త నాలుగే నాలుగు లైన్లు. ఊరి క్లబ్బులో చాలాకాలం మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడని, తర్వాత విదేశాల్లో ఉద్యోగం చేశాడని. పక్కన పాత టీమ్ ఫోటో. అందులో ముందు వరసలో ఉన్నవాడి గుబురు జుట్టు మా కోచ్ ముఖాన్ని సగం మింగేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేనేళ్ళ పైచిలుకు ఆ మట్టిలో పొర్లిన మనిషికి నాలుగు లైన్లా? సగం ముఖమా?

కాసేపటికి ఆ మంట తిరిగి తిరిగి నా మీదికే వచ్చింది. ఆ పేపరు వాళ్ళని తిట్టే హక్కు నాకు లేదు. ఆయనకి అందవలసిన మాట ఒకటి ఏడాదిగా నా దగ్గర ఉండిపోయింది. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది అందుకే.

నాది తుని పక్కన పల్లెటూరు. ఒమాన్‌లోని బర్కాలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో సర్వేయర్ని. ఆయన మా కంపెనీకి సేఫ్టీ ఆఫీసర్‌గా వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఎర్రటి మెడ, కుడి మోకాలు సరిగ్గా వంగదు. హెల్మెట్ లేకుండా కనిపిస్తే అరిచేవాడు కాదు, తన హెల్మెట్ తీసి మన నెత్తిన పెట్టి, మనం సిగ్గుపడేదాకా ఎండలో నిలబడేవాడు. కారు ఎక్కడ ఆపినా ముక్కు రోడ్డు వైపు తిప్పే ఆపేవాడు. జేబులో ఎప్పుడూ ఖర్జూరాలు ఉండేవి. తిన్నాక గింజ కింద ఉమ్మేసేవాడు కాదు, చేతిలోకి తీసుకుని రెండో జేబులో వేసుకునేవాడు. గ్రౌండ్‌లో గింజ పడితే రేపు ఎవడి మోకాలు దాని మీద పడుతుందో ఎవరికి తెలుసు అనేవాడు.

ఇంకొక అలవాటు ఉండేది. ఏ పనికైనా ముందు తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూసేవాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదట ఎడమ భుజం మీదుగా, వెంటనే కుడి భుజం మీదుగా. మలయాళీ కెఫెటేరియాలో టీ గ్లాసు అందుకునే ముందు కూడా అంతే. "ఈయనకి అప్పులోళ్ళు ఎవరైనా ఉండారా ఏందన్నా?" అని ఓబులేసు నవ్వేవాడు.

ఆయన బంతి ఆడినవాడని తెలిసింది మా గ్రౌండ్‌కి వచ్చాకే. శుక్రవారం పొద్దున్నే, ఎండ ముదరకముందు, క్యాంపు రూముల్లోంచి నలభై మందిమి అక్కడ చేరేవాళ్ళం. వారానికి అదొక్కటే మాకు డ్యూటీ కాని పూట. ఆ స్థలం ఒక ముసలి ఒమానీది. ఆయన్ని అందరం బాబా అనేవాళ్ళం. గ్రౌండ్‌కి ఒక పక్క నడుమెత్తు గోడ, గోడ అవతల ఆయన ఖర్జూరపు తోట. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. గెలలు దిగిన దగ్గర్నుంచి కోత అయ్యేదాకా బంతి గోడ దాటకూడదు. దాటి గెల విరిగిందా, కోత అయ్యేదాకా గ్రౌండ్ ఖలాస్. పొద్దున్నే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గోడ పక్కన కూర్చునేవాడు. ఆట చూస్తున్నాడని మేము అనుకునేవాళ్ళం.

ఈ షరతుకి మేమందరం గొణుక్కున్నవాళ్ళమే. కోచ్ మాత్రం ఎగిరి గంతేశాడు. "బంతి నేల మీదే ఉండాలి. గట్టిగా కొట్టకూడదు. పక్కవాడికి ఇవ్వాలి. నాకు నా జన్మలో ఇంత మంచి కోచ్ దొరకలేదు," అని చెట్లకి దణ్ణం పెట్టాడు. ఓబులేసు నేర్పిన తెలుగు మాట ఒక్కటే ఆయనకి వచ్చేది. "నిదానం, నిదానం" అని గ్రౌండ్ అంతా వినబడేలా అరిచేవాడు. అరిచి చెప్పే మాటా అది!

నన్ను మధ్యలో ఆడమన్నాడు. ఎలాగో చూపించడానికి ప్రతి వారం కాసేపు తనూ కుంటుకుంటూ బంతి అందుకుని ఇచ్చేవాడు. నా పేరు ఎన్నడూ పిలవలేదు, సర్వేయర్ అనేవాడు. "సర్వేయర్, అవతలివాడి దగ్గర బంతి తీసుకో. మనవాడికి ఇవ్వు. మళ్ళీ ఖాళీ చోటికి వెళ్ళు. అంతే నీ పని. బంతి రాకముందే చుట్టూ చూడు. వచ్చాక నీకు కనబడేది నేలే."

"గోల్ ఎప్పుడు కొట్టాలి కోచ్?"

"గోల్ వేరేవాడు కొడతాడు. వాడికి చప్పట్లు కొడతారు. నీకు టీ ఇప్పిస్తాను."

నాకు చచ్చేంత చిర్రెత్తేది. నేను మా ఊళ్ళో ముందు వరసలో ఆడినవాణ్ణి. గోల్ కొడితే భుజాల మీద ఊరేగించినవాళ్ళు ఉన్నారు. ఆ కోపంతోనే ఆయన గురించి తవ్వడం మొదలుపెట్టాను. ఫోన్‌లో ఎంత వెతికినా ఆయన పేరుతో ఒక్క ఫోటో లేదు, ఒక్క గోల్ లేదు. ఒకసారి దేశం టీముకి పిలిచారని ఆయనే చెప్పాడు. "జెర్సీ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆట అయ్యాక మడత నలక్కుండా ఇంటికి తెచ్చుకున్నాను," అని నవ్వాడు. నాకు అనుమానం ఇంకా పెరిగింది. రూములో అందరి ముందు అనేశాను. "ఈయన అసలు ఆడాడా, మన చెవిలో పువ్వు పెడుతున్నాడా?"

ఆయన ఒకసారి చెప్పిన కప్పు మ్యాచ్ వీడియో దొరికింది. ఎవరో పాత టేపులోంచి ఎక్కించింది, ఆరేడు నిమిషాలు ఉంటుంది. జోరున వాన. ఇరవై ఇద్దరూ బురదలో ఒకటే రంగయిపోయారు, వీపు మీద నంబర్లు కూడా కనబడవు. పదిమందిమి ఫోన్ మీద పడి చూశాం. బంతి ఇటు, బంతి అటు, చివర్లో గోల్. మా కోచ్ ఎక్కడా లేడు.

"ఏడి? ఎక్కడున్నాడు? బహుశా గొడుగు పట్టుకుని ఉన్నది ఈయనేమో!" అన్నాను. రూమంతా ఘొల్లుమంది.

నవ్వు ఆగాక చూస్తే ఆయన గుమ్మంలో ఉన్నాడు, కళ్ళు నా ఫోన్ మీదే. నా కోసం తెచ్చిన బూట్ల జత చేతిలో ఉంది. నా బూట్లు చిరిగాయని ఎప్పుడు చూశాడో. వాటిని గడప పక్కన పెట్టాడు. "ఆ రోజు వాన బాగా పడింది," అని వెళ్ళిపోయాడు.

మరుసటి శుక్రవారం అల్ సువైక్ నుంచి ఒక టీము వచ్చింది. గెలలు పచ్చగా బరువెక్కిన రోజులు. మాలో ఒకడికి డ్యూటీ పడి ఒక మనిషి తక్కువయ్యాడు. కోచ్ మోకాలికి పట్టీ చుట్టుకుని, "మధ్యలో నేను ఆడతాను. సర్వేయర్, నువ్వు ముందుకు వెళ్ళు. నీకు కావాల్సింది అదేగా," అన్నాడు. అందులో దెప్పిపొడుపు లేదు. అదే నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది.

ఆట చివరికి వచ్చేసరికి ఒకటి ఒకటి సమానం. సువైక్ వాళ్ళు మీద పడిపోతున్నారు. ఓబులేసు గొంతు పోయింది. ఎండ నెత్తి మీదికి వచ్చింది, కోచ్ ముఖం జేగురు రంగుకి తిరిగింది. అయినా బంతి ఆయన దగ్గరికి వెళ్తూనే ఉంది, ఆయన దగ్గర్నుంచి మావాడికి వస్తూనే ఉంది. అలా ఒక బంతి నా కాళ్ళ ముందుకి వచ్చింది. నా ముందు ఇద్దరు. వెనకాల ఖాళీలో కోచ్ చెయ్యి ఎత్తి ఉన్నాడు. "నిదానం! నిదానం!" వినబడింది. బాగా వినబడింది. వినబడలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పాను, అది అబద్ధం.

ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

బంతి గోల్ మీదుగా లేచింది, గోడ మీదుగా వెళ్ళింది. గోడకి దగ్గర్లో నా ఎత్తే ఉన్న చిన్న చెట్టు ఒకటి ఉంది. బాబా తండ్రి నాటిన చెట్టు పిలక అది, ఆ ఏడే మొదటి కాపు. ఫట్‌మని చప్పుడైంది. తెల్లగా చీలిన కాడకి గెల వేలాడుతోంది. బాబా కుర్చీలోంచి లేచి, ఎవరి వైపూ చూడకుండా, కుర్చీ మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"కొంప ముంచితివి గదన్నా!" అన్నాడు ఓబులేసు, పోయిన గొంతుతోనే.

నలభై మంది నన్ను చూస్తున్నారు. కోచ్ నా దగ్గరికి వచ్చి, మోకాలి పట్టీ విప్పుకుంటూ, "పద. బాబాకి వచ్చిన హిందీ నాకు రాదు, నా ఇంగ్లీషు ఆయనకి రాదు. నువ్వు చెప్పాలి," అన్నాడు.

బాబా ఇంటి వసారాలో చాప మీద కూర్చున్నాం. కావా అనే చేదు కాఫీ, ఖర్జూరాలు వచ్చాయి. కావా తాగడం అయ్యేదాకా అక్కడ పని మాట ఎత్తకూడదు. కోచ్ మూడు కప్పులు తాగి, చాలని చెప్పడానికి కప్పుని అటూ ఇటూ ఊపి ఇచ్చేశాడు. అప్పుడు నా వైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాడు. "చెప్పు. బంతి కొట్టింది నేనే అని. ముసలి కాలు, అదుపు తప్పిందని."

నేను కాదనలేదు. ఒక్క క్షణం ఆగానంతే. తర్వాత హిందీలో బాబాకి చెప్పాను. "బంతి కొట్టింది కోచ్ అట బాబా. కాలు అదుపు తప్పిందట."

బాబా నన్ను చాలాసేపు చూశాడు.

"బేటా, నేను గోడ పక్కనే ఉన్నాను. కొట్టిన కాలు నాకు తెలుసు," అన్నాడు. నా చెవులు మండాయి. కోచ్ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. బాబా ఆయన వైపు చెయ్యి చూపించి ఇంకా అన్నాడు.

"ఈయనకి చెప్పు. నేను అక్కడ ఆట కోసం కూర్చోను, చెట్ల కోసం కూర్చుంటాను. ఎవడి కాలికి బంతి వెళ్ళినా నా గుండె చెట్ల మీదే ఉంటుంది. ఈయన కాలి దగ్గరికి వెళ్ళినప్పుడు మాత్రం చెట్ల సంగతి మర్చిపోతాను. అప్పుడొక్కటే నేను ఆట చూసేది. మొత్తం ఈయన్నే చూస్తాను. ఈ మాట చెప్పు."

తర్వాత తీర్పు చెప్పాడు. మాట అంటే మాట, కోత అయ్యేదాకా గ్రౌండ్ లేదు. కొట్టినవాడు ప్రతి శుక్రవారం తోటకి వచ్చి పని చెయ్యాలి.

"ఏమంటున్నాడు?" అన్నాడు కోచ్.

"కోత దాకా గ్రౌండ్ లేదన్నాడు. మీ బదులు నన్ను తోట పనికి రమ్మన్నాడు."

"నిన్నా? ఇంకా చాలా చెప్పాడే?"

"చెట్ల గురించి," అన్నాను.

అదీ నేను చేసిన పని. ఆ మాట చెప్తే నా అబద్ధం బాబాకి దొరికిపోయిందని కోచ్ ముందు ఒప్పుకోవాలి. అదొక్కటే అయితే సిగ్గు అని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ ఇంకోటి కూడా ఉంది, ఇప్పుడు దాచి లాభం లేదు. అసూయ. నా ఆట గురించి అలాంటి మాట ఎవరూ అనలేదు, ఊరేగించినవాళ్ళు కూడా అనలేదు. ఆ మాట ఆయన గురించి నా నోటితో పలకలేకపోయాను.

ఆ వేసవి రూములో నాతో సరిగ్గా మాట్లాడినవాడు లేడు. శుక్రవారం వచ్చిందంటే నలభై మందీ మంచాల మీద ఫోన్లు చూసుకుంటూ పడి ఉండేవారు. నేను తోటకి వెళ్ళేవాణ్ణి. బరువెక్కిన గెలని మట్టల మధ్యనుంచి మెల్లగా కిందికి దించి, కాడ విరగకుండా పక్క మట్టకి తాడుతో కట్టాలి. మొదటి రోజు నేను వెళ్ళేసరికి కోచ్ నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఆయన్ని రమ్మన్నవాళ్ళు లేరు. "నిచ్చెన కింద మనిషి లేకుండా ఎవడూ ఎక్కకూడదు. నేను సేఫ్టీ ఆఫీసర్ని," అన్నాడు.

కోత దాకా ఒక్క శుక్రవారం మానలేదు. కింద నిచ్చెన పట్టుకుని తన ఆట కబుర్లు చెప్పేవాడు. ఓడల యార్డులో పని దిగి తిన్నగా గ్రౌండ్‌కి వచ్చే జనం గురించి, సగం మ్యాచ్‌లో దీపాలు ఆరిపోయిన రోజు గురించి. ఎప్పుడూ మిగతావాళ్ళ గోల్స్ గురించే. ఒకసారి అడిగేశాను, మిమ్మల్ని ఎవరూ మెచ్చుకోకపోతే బాధ అనిపించలేదా అని. కాలితో నిచ్చెన అడుగు సర్ది, "ఒక్కడైనా చూస్తే బాగుండునని మాత్రం ఉండేది," అన్నాడు.

నేను నిచ్చెన మీద ఉన్నాను. చేతిలో గెల ఉంది. పదడుగుల దూరంలో బాబా మట్టలు ఏరుతున్నాడు. ఒక్క మాట! నాలుక చివర దాకా వచ్చింది. వచ్చే వారం చెప్దాంలే అనుకుని తాడు ముడి బిగించాను.

కోత అయ్యాక గ్రౌండ్ తెరిచారు. నేను అడక్కుండానే మధ్యలోకి వెళ్ళాను. భుజం మీదుగా రెండుసార్లు చూడటం నాకూ అలవాటైంది. ఒకరోజు ఆట అయ్యాక నాకు టీ ఇప్పించాడు, చక్కెర ఎక్కువ వేయించి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చలికాలం మధ్యలో ఆయన ఖర్జూరాలు తినడం మానేశాడు. నడిస్తే ఆయాసం వచ్చేది. డాక్టర్లు ఇంటికి వెళ్ళిపొమ్మన్నారు. మస్కట్ ఎయిర్‌పోర్టుకి నేనే దింపాను. గంట ప్రయాణం. బర్కా దాటినప్పుడు చెప్దామనుకున్నాను, సీబ్ దాటినప్పుడు చెప్దామనుకున్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, మన గోల్‌కీపర్ ఎడమవైపు ఆలస్యంగా దూకుతున్నాడు, చూసుకో, అని చెప్పాడు. గాజు తలుపు దగ్గర ఆగి భుజం మీదుగా వెనక్కి చూశాడు, మళ్ళీ చూశాడు. చెయ్యి ఊపాను. అలవాటు అనుకున్నాను. నేను ఏమైనా చెప్తానేమోనని చూశాడా? ఆ ప్రశ్న ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు.

కబురు వచ్చిన మర్నాడు, శుక్రవారం, మేమెవరం ఆడలేదు. గోడ పక్కన బాబా కుర్చీ చుట్టూ కూర్చున్నాం. ఓబులేసు నా వైపు చూసి, "అన్నా, ఆ వాన వీడియో ఉందా?" అన్నాడు.

ఉంది. కానీ తియ్యడానికి భయమేసింది. ఈసారి కూడా ఆయన కనబడకపోతే? నవ్విన నోళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. బాబా ఒళ్ళో ఫోన్ పెట్టి వీడియో వేశాను. అదే వాన, అదే బురద. బంతి ఇటు, బంతి అటు. ఎవడు ఎవడో తెలియడం లేదు. నిమిషం అయింది, రెండు నిమిషాలయ్యాయి. అప్పుడు ఏం తోచిందో, బొటనవేలు తీసి బంతి మీద పెట్టాను. బంతి ఎటు వెళ్తే వేలు అటు జరిపాను, బంతి కనబడకుండా, చూపు మనుషుల మీదికి పోయేలా.

"హాదా," అన్నాడు బాబా. ఇడుగో అని. మా అందరికంటే ముందు ఆయన వేలు ఒక బురద బొమ్మ మీద ఆగింది.

బంతికి చాలా దూరంలో ఒక సన్నటి కుర్రాడు. ఎడమ భుజం మీదుగా చూశాడు. కుడి భుజం మీదుగా చూశాడు. చెయ్యి ఎత్తాడు.

"ఆయప్పే! ఆయప్పే రా!" ఓబులేసు ఏడ్చేశాడు.

ఇక అక్కడినుంచి ఆయన లేని చోటు లేదు. మా గుండెలు కొట్టుకుంటున్నాయి, ఎప్పుడో అయిపోయిన ఆటకి. ఆ గోల్‌కి ముందు పాస్, దానికి ముందు పాస్, దానికీ ముందు పాస్, అన్నిటి వెనకా ఆయనే ఉన్నాడు. అన్నీ ఆయన కాలి మీదుగానే వెళ్ళాయి.

బాబా తల ఎత్తి నన్ను అడిగాడు. "ఆ రోజు నేను చెప్పిన మాట విని ఏమన్నాడు?"

అందరూ నా వైపు తిరిగారు. ఇంకో అబద్ధం ఆడటం ఎంత తేలికో. సంతోషించాడు బాబా అంటే చాలు.

"చెప్పలేదు బాబా," అన్నాను. "నేను చెప్పలేదు."

ముసలాయన మళ్ళీ ఫోన్ వైపు వంగాడు. అక్కడ గోల్ అయిపోయింది. జట్టు అంతా కొట్టినవాడి మీద పడి బురదలో దొర్లుతోంది. మా కోచ్ ఒక్కడే వానలో మధ్యగీత దగ్గరికి నడిచి వెళ్తున్నాడు. వెళ్తూ వెళ్తూ ఒకసారి వెనక్కి చూశాడు. మళ్ళీ ఒకసారి చూశాడు.